గురువారం నీళ్లు

జానకీదేవికి పని లేకుండా ఒకరింటికి వెళ్లడం చేతకాదు. పెళ్లికి పిలిస్తే వెళ్తుంది, చావుకు పిలవకపోయినా వెళ్తుంది. ఊరికే ఒక మనిషిని చూసి రెండు మాటలాడి వద్దామని గడప దాటడం మాత్రం ఆమె వల్ల కాదు. యాభై మూడేళ్లొచ్చాయి. ఇక కొత్తగా నేర్చుకుంటుందన్న ఆశ ఎవరికీ లేదు, ఆమెకైతే అసలే లేదు.

మొదటినుంచీ ఇలాంటి మనిషేమీ కాదు. బాపట్ల దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి, మేడ్చల్‌లో కొత్తగా లేచిన కాలనీలో భర్తతో కలిసి ఇల్లు కట్టుకున్నప్పుడు ఆమె అందరిళ్లకూ తిరిగేది. కాలనీ నిండా గుంటూరు, ఒంగోలు, ఏలూరు వాళ్లే. శ్రావణమాసం వస్తే పేరంటాలతో కాళ్లు నొప్పులు పుట్టేవి. ఆరేళ్ల క్రితం భర్త పోయాడు. పిల్లల్లేరు. ఆ ఏడు శ్రావణంలో ఒక్కరూ పిలవలేదు. ఎవరికీ ఆమె మీద కోపం లేదు, అందరూ మంచివాళ్లే, పిలవకూడదు కాబట్టి పిలవలేదు. పేరంటం అయ్యాక మిగిలిన శనగలు పొట్లం కట్టి పనిమనిషి చేత పంపించారు. ఆ పొట్లం చూసి జానకీదేవికి ఒళ్లు మండింది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లాలన్నా, ఎందుకొచ్చావని అడిగితే చెప్పడానికి ఒక పని ఉందా లేదా అని ముందుగా చూసుకోవడం ఆమెకు అలవాటైంది.

ఉద్యోగం ఉండబట్టి బతికింది. షామీర్‌పేట వైపు నీళ్ల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఆమె ల్యాబ్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్లుగా ఆమె చేసే పని ఒకటే. నీళ్లలో కరిగి ఉన్న సీసం, కాడ్మియం లాంటి విషలోహాలను మట్టి గింజల మీదికి రప్పించి అక్కడే పట్టి ఉంచడం. ఇనుము ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిని కాల్చి, గింజలు చేసి, ఇసుకతో కలిపి నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములో పరుస్తారు. పైన బోరు నీళ్లు పోస్తే కింద నల్లాలోంచి మంచినీళ్లు వస్తాయి. లోహం గింజకు అంటుకుని ఉండిపోతుంది. ఆ మట్టి ఎక్కడ తవ్వాలో, ఎంతసేపు కాల్చాలో తేల్చింది జానకీదేవే. పరిశోధన పత్రాల మీద పేర్లు వేరేవాళ్లవి ఉంటాయి, ఆమె దాని గురించి మాట్లాడదు.

గౌడవెల్లి దాటి లోపలికి వెళ్తే ఇరవై ఇళ్ల చిన్న వాడ ఒకటుంది. ఎవరో ఎప్పుడో పాత గుంతలో పారబోసిన చెత్త పుణ్యమా అని అక్కడి బోరులోకి కాడ్మియం దిగింది. సంస్థవాళ్లు ఐదిళ్లను ఎంచుకుని ఐదు డ్రమ్ములు పెట్టారు. వారానికోసారి, గురువారం పూట, వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టుకు రావడం జానకీదేవి వంతు. స్కూటీ ముందు థర్మకోల్ డబ్బా పెట్టుకుని, అందులో సీసాలు సర్దుకుని ఆమె బయల్దేరేది. ఐదో ఇల్లు సుక్కమ్మది.

సుక్కమ్మకు అరవై ఆరేళ్లు. కొడుకు శ్రీనివాస్, కోడలు సృజన ఇద్దరూ ఫ్యాక్టరీలకు పోతారు. పగలంతా ఇంట్లో సుక్కమ్మ, పెరట్లో బర్రె. మొదటి వారం జానకీదేవి చేతిలో కాగితాల అట్ట పట్టుకుని, "సుక్కమ్మగారూ, నమస్కారమండీ" అంటే ముసలావిడ పడీ పడీ నవ్వింది.

"గారు ఏంది? నన్నెవరు గారు అనలే గిప్పటిదాంక. లోపల్కి రా బిడ్డా, ఎండకొచ్చినవ్, జర సల్ల తాగు."

సల్ల అంటే మజ్జిగ అని జానకీదేవికి అప్పటికి తెలుసు. వద్దండీ, ఇంకా పనుంది అంది. సుక్కమ్మ వినే రకం కాదు. గ్లాసు చేతిలో పెట్టింది. రెండో వారం జొన్నరొట్టె పెట్టింది. మూడో వారం, "ఒక్కదానివే ఉంటవా? వండుకుంటవా మరి, లేకుంటే ఏదన్న నోట్లేసుకుని పంటవా?" అని అడిగింది. ఆరేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏదో ఒకటి తింటానండీ అని జానకీదేవి తల దించుకుని రొట్టె తుంచుకుంది. ఆ తర్వాత గురువారాలు ఆమె ఇంటి దగ్గర వంట మానేసింది. మొదటి నాలుగిళ్లూ గబగబా ముగించి, ఐదో ఇంట్లో గంటన్నర కూర్చునేది. అట్ట మీది కాగితంలో ప్రశ్నలన్నీ నింపేది. డ్రమ్ము శుభ్రంగా ఉంచుతున్నారా? "మస్తు నీటుగ ఉంచుతున్న బిడ్డా, నువ్వే సూడు" అనేది సుక్కమ్మ. జానకీదేవి అవునని టిక్కు పెట్టేది. ఎలా ఉంచుతున్నారని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

మూడు నెలలకు నాలుగిళ్ల నీళ్లు శుభ్రంగా తేలాయి. సుక్కమ్మ ఇంటి నీళ్లు తేలలేదు. లీటరుకు మూడు మైక్రోగ్రాములు దాటకూడదు. ఒక వారం నాలుగు, ఒక వారం ఏడు, తర్వాత తొమ్మిది. పాసైన నాలుగిళ్లకూ ఆకుపచ్చ స్టిక్కరు అంటించి, ఇక అక్కడికి వెళ్లనక్కర్లేదని సంస్థ పెద్ద జనార్ధన్ చెప్పాడు. సుక్కమ్మ డ్రమ్ము మీద మాత్రం ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేయించాడు. ఈ నీళ్లు తాగొద్దు.

"కారణం దొరికేదాకా మీరు ప్రతి వారం వెళ్తూనే ఉండండి. వరసగా రెండు వారాలు పాసైతే ఆ ఇల్లూ మూసేద్దాం" అన్నాడు. వెళ్లబోతూ, "మీ మట్టిలోనే ఏదైనా లోపముందేమో చూసుకోండి" అని కూడా అన్నాడు.

ఆ మాట జానకీదేవికి గుచ్చుకుంది. డ్రమ్ములో మట్టి మొత్తం తీసేసి కొత్తది పోసింది. మూడు వారాలు తిరగకుండా లెక్క పన్నెండుకెక్కింది. ఇదేం పీడ అనుకుంది. అదే మట్టి, అదే బోరు, అదే డ్రమ్ము. నాలుగిళ్లలో పనిచేసింది ఐదో ఇంట్లో ఎందుకు చెయ్యదు?

సుక్కమ్మకు ఇది తలవంపులైంది. పక్కింటి ఇందిరమ్మ గోడ మీంచి తొంగిచూసి, "మా నీళ్లు మంచిగనే ఉన్నయట, మీయే ఖరాబట గద" అందట. నీళ్ల డబ్బా కొనుక్కురమ్మని కొడుకు అంటే, "నీళ్లు కొనుక్కునుడేంది, సిగ్గులేదారా" అని కసిరిందట. ఊరి మొదట్లో రోజు విడిచి రోజు వచ్చే నల్లా ఒకటుంది. ముసలావిడ అక్కడికి వెళ్లి చంకన బిందె మోసుకొచ్చేది. మోకాళ్లు గుంజుతాయి. మధ్యలో రెండు చోట్ల ఆగేది. జానకీదేవి స్కూటీ మీద వస్తూ దారిలో ఆమెను చూసేది. బిందె తీసుకుని ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని, ఆమెను వెనక ఎక్కించుకుని తీసుకెళ్లేది. మిగతా రోజుల్లో ఎవరూ తీసుకెళ్లరన్న సంగతి ఆమెకు గుర్తుంటూనే ఉండేది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం ల్యాబులో పాత సీసా ఒకటి కంటబడింది. సుక్కమ్మ ఇంటిదే, ఆసిడ్ చుక్కలు వెయ్యడం మర్చిపోయి పక్కన పెట్టేసినది. పారబోయబోతూ ఎందుకో చేతి మీద చుక్క పోసుకుని నాలుకకు రాసుకుంది. ల్యాబులో అది చెయ్యకూడని పని, ఆమె కొత్తవాళ్లను అందుకే తిడుతుంది. నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

జానకీదేవి స్టూలు మీద కూలబడింది. పదిహేనేళ్ల క్రితం ఎవరి థీసిస్ కోసమో ఆరు నెలలు ఇదే పని తన చేతుల మీదుగా చేసింది. నీళ్లలో ఏ లవణం కరిగి ఉంటే మట్టి లోహాన్ని ఎంత పట్టుకుంటుంది అన్నది. ఫాస్ఫేటు ఉంటే మట్టి గట్టిగా పట్టుకుంటుంది. సల్ఫేటూ కొంత సాయం చేస్తుంది. క్లోరైడు అలా కాదు, కాడ్మియాన్ని తనతో జత కట్టేసుకుంటుంది. జత కట్టిన కాడ్మియానికి ఇక మట్టితో పని ఉండదు, గింజను వదిలేసి నీళ్లతోపాటే వెళ్లిపోతుంది. అప్పటిదాకా అంటుకుని ఉన్నది కూడా ఊడి వస్తుంది. మామూలు ఉప్పులో ఉండేది క్లోరైడే. ఇంత తెలిసీ నాలుగు నెలలు మట్టిని తిట్టుకుంటూ కూర్చుందంటే తనకంటే తెలివితక్కువ మనిషి ఉంటుందా అని తనను తానే తిట్టుకుంది.

బ్యూరెట్టు గొట్టంలో సిల్వర్ నైట్రేటు పోసి, చుక్కలుగా వదులుతూ ఉప్పెంత ఉందో కొలిచింది. బోరు నీళ్లకు నాలుగు చుక్కలకే పసుపు రంగు ఇటుక రంగులోకి తిరిగింది. సుక్కమ్మ డ్రమ్ము నల్లా నీళ్లకు బ్యూరెట్టు మొత్తం ఖాళీ అయినా తిరగలేదు. బోరులో లేని ఉప్పు నల్లాలోకి వస్తోందంటే డ్రమ్ములోనే ఎవరో వేస్తున్నారన్నమాట.

మర్నాడు గురువారం పొద్దున్న ఏడింటికే బయల్దేరింది. స్కూటీని మలుపులో ఆపి నడుచుకుంటూ వెళ్లి గేటు బయటినుంచి చూసింది. సుక్కమ్మ డ్రమ్ము మూత తీసి, చీర కొంగు దోపుకుని, మోచేతుల దాకా లోపల పెట్టి పైన ఉన్న ఇసుకను కలియబెడుతోంది. పక్కన చాటలో దొడ్డుప్పు. గుప్పెడు తీసి జల్లింది, ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు. ఊరగాయ జాడీని ఎలా తోముతారో అలా డ్రమ్ము గోడలు తోమింది. ఎర్ర గుర్తు వేసినప్పటినుంచీ మురికి ఎక్కువైందనుకుని ఉప్పు కూడా పెంచినట్టుంది, అందుకే లెక్కలు ఎక్కుతూ వచ్చాయి. తోముతూ తనలో తనే అనుకుంటోంది. "మేడం వస్తది, మంచిగుండాలె. గీసారి పాస్ గావాలె."

ఆమె వస్తుందని చేస్తున్న పని అది. మిగతా ఆరు రోజులూ ఆ డ్రమ్ములో నీళ్లు మిగతా ఇళ్ల నీళ్లలాగే ఉండి ఉంటాయి. శుక్రవారానికి పది పదిహేను బిందెలు పోస్తే ఉప్పంతా కొట్టుకుపోతుంది. ఆమె వచ్చే రోజు మాత్రమే నీళ్లు చెడిపోతున్నాయి, ఆమె వస్తుంది కాబట్టి చెడిపోతున్నాయి.

గేటు తోసుకుని లోపలికి వెళ్లి చెప్పేస్తే ఒక నిమిషం పని. జానకీదేవి గేటు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇవాళ చెప్తే వచ్చే వారం పాసు, ఆపై వారం పాసు, ఆకుపచ్చ స్టిక్కరు. ఆ తర్వాత గురువారం పొద్దున తను ఎక్కడుంటుంది? ఇంట్లో కుక్కరులో గుప్పెడు బియ్యం పడేసి, దాని ముందు నిలబడి ఉంటుంది.

వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది. పదకొండింటికి అప్పుడే వచ్చినదానిలా వచ్చి, నీళ్లు పట్టుకుని, రొట్టె తిని వెళ్లింది. కాగితంలో, కారణం ఇంకా తెలియలేదు అని రాసింది. ఇరవై రెండేళ్లలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. ఇంత సులువుగా చెయ్యి కదులుతుందని ఆమె అనుకోలేదు.

ఆ అబద్ధం మూడు వారాలు నడిచింది. ఆ మూడు వారాలూ రొట్టె సగం తిని వదిలేసేది. మూడో వారం సుక్కమ్మ మోకాలికి గుడ్డ కట్టుకుని ఉంది. ఊరి నల్లా దగ్గర జారిందట. ఏం గాలేదు, తోలు జర గీసుకపోయింది అని తేలిగ్గా అనేసి, పళ్లెం ముందు పెట్టి విసనకర్ర అందుకుంది. జానకీదేవికి ఇక ఓపిక చాలలేదు.

"ఆ డ్రమ్ములో ఉప్పు వెయ్యకండి" అంది, తల ఎత్తకుండా.

"ఆఁ?"

"గురువారం పొద్దున్నే ఉప్పేసి కడుగుతున్నారు కదా. ఉప్పు వల్లే అండీ ఇదంతా. ఉప్పు ఉంటే మట్టి విషాన్ని పట్టుకోలేదు, వదిలేస్తుంది. ఉప్పు మానేస్తే మీ నీళ్లు కూడా అందరి నీళ్లలాగే ఉంటాయి."

సుక్కమ్మ విసనకర్ర ఆపింది. ముందు ఆమె మొహంలో సంతోషమే కనిపించింది. "ఓరి దీని! ఉప్పా? గురువారం నీళ్లు జర ఉప్పగనే ఉంటయ్ బిడ్డా, అందుకే మేం మొదట్నుంచి గా దినం డ్రమ్ము నీళ్లు తాగం, మరునాటి నుంచి తాగుతుంటిమి. సల్లల ఎట్లయిన ఉప్పెయ్యాల్నాయె, ఎందుకు పారబోసుడని నీ సల్లకు గవ్వే వాడుతుంటి."

అంటే ఎర్ర గుర్తు పడేదాకా ఆ నీళ్లు తాగింది తనొక్కతే. జానకీదేవికి నవ్వొచ్చింది. పన్నెండు గ్లాసుల మజ్జిగకు మనిషికేమీ కాదని మనసులో లెక్క వేసుకుంది.

"నువ్వెట్ల సూసినవ్ మరి? నేను పొద్దుగాల గద కడిగేది" అంది సుక్కమ్మ.

ఇక్కడ ఒక మాట అల్లేస్తే సరిపోయేది. జానకీదేవికి అల్లడం రాలేదు.

"మూడు వారాల కిందట పొద్దున్నే వచ్చి చూశానండీ."

"మూడు వారాలా? మరి అప్పుడే చెప్పకపోయినవ్?"

జానకీదేవి పళ్లెంలో రొట్టె ముక్కను పక్కకు జరిపింది.

"తెలిసి నన్ను మోయనిచ్చినవా బిడ్డా?"

"చెప్తే మీ ఇల్లు పాసవుతుందండీ. పాసైతే నేనింక రానక్కర్లేదు."

సుక్కమ్మ విసనకర్ర కింద పెట్టింది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, "బర్రెకు గడ్డెయ్యాలె" అని పెరట్లోకి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. పళ్లెం తనే కడిగి బోర్లించి, జానకీదేవి బయటికి వచ్చింది. చేసిన తప్పు కంటే ఆ తప్పుకు చెప్పిన కారణమే ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది.

ఆ పై గురువారం సుక్కమ్మ వాకిట్లోనే కుర్చీ వేసింది. లోపలికి రమ్మనలేదు. మజ్జిగ లేదు, రొట్టె లేదు. నీళ్లు పట్టుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ల్యాబులో లెక్క ఒకటి దగ్గర ఆగింది. జనార్ధన్ భుజం తట్టి, "శభాష్ మేడం, పట్టేశారు. ఇంకొక్క వారం" అన్నాడు. ఆమె థాంక్స్ సార్ అంది.

ఆఖరి గురువారం. పెన్నులాంటి చిన్న మీటరు ఒకటి వెంట తెచ్చుకుంది, నీళ్లలో ఉప్పుంటే అక్కడికక్కడే అంకె చూపిస్తుంది. నల్లా తిప్పి గ్లాసులో పట్టి మీటరు ముంచింది. ఆరేడు వందలు చూపించాల్సింది మూడు వేలు దాటింది. తుడిచి మళ్లీ ముంచింది. అంతే.

సుక్కమ్మ పెరటి గడప మీద కూర్చుని బర్రె వైపు చూస్తోంది.

"సుక్కమ్మగారూ, ఉప్పు వేశారా?"

"ఏసిన."

"మర్చిపోయారా? వెయ్యద్దని చెప్పాను కదా."

"మర్చిపోలే. యాదుండే ఏసిన." ముసలావిడ ఇటు తిరిగింది. "నా మీద కోపం చేసుకోకు. మొన్న నాకు కోపమొచ్చింది, నిజమే. నా మోకాలు సంగతి తెల్వదా దీనికి అనుకున్న. రాత్రి పండుకున్నంక సోంచాయించిన. గీమె గీడికొస్తెనే గద నాలుగు ముద్దలు తినేది. ఎవ్వలు లేక గట్ల జేసింది గని, పగతోని చేసిందా అనుకున్న. ఇంకో రెండు నెల్లు మోస్త, ఏమైతది? నాకేం కొత్తనా? పట్టుకపో, ఫెయిలైందని చెప్పు."

జానకీదేవి చేతిలో ఖాళీ సీసా ఉంది. నల్లా కింద పెట్టి తిప్పితే చాలు. రెండు నెలలు కాదు, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు. ఈసారి దొంగతనం కూడా కాదు, ఇంటావిడే ఇస్తోంది. ఆరేళ్లుగా ఆమెను ఎవరూ ఇంత గట్టిగా ఉండమనలేదు. ఉండమన్న మనిషి మోకాలికి ఇంకా గుడ్డ కట్టు ఉంది.

సీసా డబ్బాలో పెట్టేసి, జానకీదేవి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది. నల్లా పూర్తిగా తిప్పి డ్రమ్ములో నీళ్లన్నీ మోరీలోకి వదిలేసింది. బోరు దగ్గర బిందె నింపి తెచ్చి పైనుంచి పోసింది. మళ్లీ నింపి తెచ్చింది.

"ఏంది నువ్వు జేసేది? జెప్తే ఇనవా?" సుక్కమ్మ అరిచింది.

"మీరు మొయ్యడానికి వీల్లేదండీ."

"మరి నువ్వు రావు గద!"

"రాను."

ఆ ఒక్క మాట అనేసరికి ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, బిందె ఉంది. సుక్కమ్మ కాసేపు గడప మీదే ముడుచుకుని కూర్చుంది. ఐదో బిందెకు లేచి వచ్చి, బిందెకు రెండోవైపు చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి పద్నాలుగు బిందెలు పోశారు. మధ్యాహ్నం రెండింటికి మీటరు ఆరు వందల యాభై చూపించింది. జానకీదేవి సీసా నింపింది. సుక్కమ్మ రొట్టె పెడతానంటే ఆగలేదు, ఆగితే వెళ్లలేనని ఆమెకు తెలుసు.

ఇల్లు పాసైంది. స్టిక్కరు అంటించడానికి సంస్థనుంచి ప్రణయ్ అనే కుర్ర ఉద్యోగి వెళ్లి వచ్చాడు. జానకీదేవికి అలియాబాద్‌లో కొత్త ఇళ్లు ఇచ్చారు, సోమవారాలు. అక్కడ మొదటి ఇంట్లోనే, డ్రమ్ము కడిగేటప్పుడు ఉప్పు వాడకండి అని చెప్పేసింది. వాళ్లు సరేనన్నారు. నీళ్లు బాగా వచ్చాయి. ఆ ఇళ్లలో ఆమెకు పది నిమిషాలకు మించి పని ఉండదు.

ఆరు గురువారాలు గడిచాయి. ఏడో గురువారం ఆమె సెలవు పెట్టింది. పొద్దున్న లేచి తలస్నానం చేసి, ఎక్కడికో తనకే చెప్పుకోకుండా స్కూటీ తీసింది. డబ్బా లేదు, సీసాలు లేవు, అట్ట లేదు. గౌడవెల్లి దాటేదాకా ఏం చెప్పాలో రెండుసార్లు గట్టిగా అనుకుంది. ఊరికే, మిమ్మల్ని చూసి పోదామని వచ్చానండీ. చిన్న వాక్యమే. నోరు తిరగని మాట ఒక్కటీ లేదు అందులో.

గేటు దగ్గర కోడలు సృజన బట్టలు ఆరేస్తోంది. ఆ వారం రాత్రి షిఫ్టు కాబట్టి పగలు ఇంట్లో ఉంది. జానకీదేవిని ఆమె అంతకుముందు ఒకటి రెండుసార్లే చూసింది.

"అత్తమ్మ ఇంట్ల లేదు మేడం. నీళ్లకొచ్చిండ్రా?"

జానకీదేవి నోరు తెరిచింది. అనుకున్న వాక్యం నాలుక మీదికి వచ్చింది. ఈ అమ్మాయి ఏమనుకుంటుంది, పనీ పాటా లేక ఇంత దూరం వచ్చిందా అనుకోదూ?

"అవునండీ. నీళ్ల కోసమే" అంది.

"అత్తమ్మను పిలువాల్నా?"

"వద్దు వద్దు. ఐదు నిమిషాల పనే."

సీసా లేదు కాబట్టి బ్యాగులోంచి తను తాగే నీళ్ల సీసా తీసి, మొక్కల్లో పారబోసి, డ్రమ్ము నల్లా కింద పెట్టి నింపుకుంది. సృజన బట్టల పిన్ను పళ్ల మధ్య పెట్టుకుని చూస్తోంది కాబట్టి, వెలుగుకెత్తి చూసి తల కూడా ఊపింది. వస్తానండీ అని స్కూటీ ఎక్కింది. మలుపు తిరిగాక బండి ఆపి, తనను తాను తిట్టుకుంది.

సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది.

"బిడ్డా, నేను సుక్కమ్మను. నీళ్లకొచ్చినవా?"

"అవునండీ."

"మల్ల పరీక్షలేంది? అన్ని అయిపోయినయని స్టిక్కరేసి పోయిండ్రు గద. ఏమన్న ఖరాబున్నదా?"

"లేదండీ. నీళ్లు బాగున్నాయి."

"మరెందుకొచ్చినవ్?"

కాలనీలో ఎవరింట్లోనో దీపారాధన గంట వినిపిస్తోంది. జానకీదేవి ఫోను ఆ చెవినుంచి ఈ చెవికి మార్చుకుంది.

"మిమ్మల్ని చూద్దామని వచ్చానండీ" అంది.



"గా ముక్క మా కోడలికి జెప్తే ఏంబాయె బిడ్డా" అంది సుక్కమ్మ. "పక్కింట్లనే ఉంటి. ఇందిరమ్మ తోని కూసోని శింతపండు గింజలు తీస్తుంటి. నీ బండి సప్పుడు ఇన్న. నీళ్ల కోసమే అన్నది గోడ అవతల్నుంచి ఇనబడె. పనిమీదొచ్చింది, మనతోని ఏం పని అని నేను లేవలే."